చల్లగానే ఉంది

మా ఇంట్లో చేప వండరు. అయినా ఆ ఎండాకాలం మొదలైన రెండో వారం నుంచి, మధ్యాహ్నం అయ్యేసరికి ఇంట్లో ఎక్కడో చేపల వాసన పుట్టేది. ఘాటుగా కాదు. చేపల బుట్ట ఎత్తుకుని ఎవరో వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయాక వెనక మిగిలేంత. పొద్దున ఉండేది కాదు. సాయంత్రం దుకాణం మూశాక ఓ గంటకి పోయేది.

"ఎలక చచ్చుంటుంది" అంది అత్తయ్య. చీపురు పట్టుకుని బీరువా కింద, మంచం కింద, బియ్యం డబ్బా వెనక వెతికింది. ఎలక దొరకలేదు. నాలుగేళ్ళ కిందట పోయిన నా చెవి కమ్మ దొరికింది.

"చచ్చిన ఎలక పొద్దున పూట వాసన రాదా అత్తయ్యా?"

"ఏమో. అదీ మీ ఆయనలాగే భోజనం అయ్యాక గానీ పనిలోకి దిగదేమో."

ఆ వాసన గురించి మేం నవ్వుకున్నది ఆ ఒక్కసారే.

మాది లాండ్రీ. ఇల్లూ దుకాణమూ ఒకటే. వీధి వైపు ఇస్త్రీ గది, మధ్యలో హాలు, దాని వెనక దుప్పట్ల గది, ఆ వెనక పెరడు. ఉతికి మడతపెట్టిన దుప్పట్లని దుప్పట్ల గదిలో గోడవారగా పేర్చేవాళ్ళం. అక్కడే అత్తయ్య మంచం. ఇంట్లో ఎండ తగలని గది అదొక్కటే కాబట్టి మధ్యాహ్నం రెండు గంటలు ఆవిడ అక్కడే నడుం వాల్చేది. కరెంటు మీటరు, మెయిన్ స్విచ్చి పెరటి తలుపు పక్కన ఉంటాయి. అక్కడి నుంచి తీగ గోడలోనుంచే దుప్పట్ల గది దాటి, హాలు దాటి, ఇస్త్రీ గదికి వస్తుంది. దారిలో మూడు జంక్షన్ బాక్సులు. తీగలు కలిసే చోట గోడలో పాతి, పైన చదరపు ప్లాస్టిక్ మూతని రెండు మరలతో బిగించిన చిన్న పెట్టెలు.

ఆ తీగ వేసింది మామయ్య. ఆయన జీవితమంతా వైరింగు పని చేసిన మనిషి. మా వీధిలో సగం ఇళ్ళకి ఆయన చేత్తోనే కరెంటు వచ్చింది. పని మానేసినా ఒక్క అలవాటు మానలేదు. రోజూ సాయంత్రం, ఇస్త్రీ పెట్టెలు ఇంకా వేడి మీద ఉండగానే, లేచి మూడు బాక్సుల మీదా చెయ్యి పెట్టి చూసేవారు. అరచెయ్యి కాదు, చేతి వెనక వైపు. అరచెయ్యి పనికి అలవాటు పడి మొద్దుబారిపోతుందట. వెనక వైపు చర్మం అబద్ధం చెప్పదట. మొదటి బాక్సు ఇస్త్రీ గదిలో, రెండోది హాల్లో, మూడోది దుప్పట్ల గదిలో. మూడోది కూడా చూసి "చల్లగానే ఉంది" అనేవారు. ఆ మాట వినబడ్డాకే మా ఆయన షట్టరు దించేవాడు. నేను కాపురానికి వచ్చిన పన్నెండేళ్ళలో ఆ మాట వినని సాయంత్రం లేదు.

ఆ ఏడు లాడ్జి పని వచ్చింది. సెలవుల రద్దీ, లాడ్జిలో గదులన్నీ నిండిపోయాయి, రోజుకి మూడు వందల దుప్పట్లు. రెండు ఇస్త్రీ పెట్టెలు సరిపోక మా ఆయన మూడోది తెచ్చాడు. దాంతోపాటు ఆవిరి బాయిలరు ఒకటి. దుప్పట్ల గదిలో దొంతరలు నా భుజం ఎత్తు దాటి, తల ఎత్తు దాటి, మూడో బాక్సుని పూర్తిగా కప్పేశాయి.

"ఇంత లోడు లాగుతుందా నాన్నా?" అని మా ఆయన అడిగాడు, బాయిలరు బిగించిన రోజు.

"ఏనుగు తొక్కినా తెగని తీగ వేశాను. నువ్వు పుట్టకముందు వేసింది. నీకన్నా గట్టిది" అన్నారు మామయ్య.

నేను పదో తరగతి పిల్లలకి సైన్సు ట్యూషను చెప్పేదాన్ని. సెలవులు కాబట్టి పిల్లలు లేరు, నేనూ దుప్పట్లు మడతపెడుతూ కూర్చునేదాన్ని. ఒకరోజు మామయ్య తన పాత సామాను సంచిలోంచి పటకారులాంటి మీటరు తీసి నా ముందు పెట్టారు. దాన్ని తీగ చుట్టూ పట్టుకుంటే ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చెబుతుంది. రెండు మొనలూ ప్లగ్గులో పెడితే ఎన్ని వోల్టులున్నాయో చెబుతుంది.

"టీచరమ్మా, మీ పుస్తకంలో రాసింది మా గోడలో ఉందో లేదో చూసి చెప్పు" అన్నారు నవ్వుతూ.

ఆయన సరదాకే అన్నారు. నేనూ సరదాకే చూశాను. మూడు ఇస్త్రీ పెట్టెల ఎర్ర లైట్లూ ఒకేసారి వెలిగే దాకా ఆగాను. వేడెక్కినప్పుడల్లా వాటంతటవే ఆరిపోతుంటాయి కాబట్టి లోడు అంతా ఒకేసారి పడే క్షణం కోసం కాచుకుని ఉండాలి. తీగలో ఇరవై ఒక్క ఆంపియర్లు. మెయిను దగ్గర రెండు వందల ముప్పై వోల్టులు. ఇస్త్రీ గదిలో రెండు వందల ఇరవై ఆరు.

"నాలుగు వోల్టులు ఎక్కడికి పోయాయి మామయ్యా?"

"దారి ఖర్చు. అంత దూరం నడిచొస్తే నీకు చెమట పట్టదూ?"

నిజమే. ఎంత మంచి తీగకైనా కొంత నిరోధం ఉంటుంది. క్యాలెండరు కాగితం ఒకటి చింపి వెనక లెక్క వేశాను. పోయిన నాలుగు వోల్టుల్ని ఇరవై ఒకటితో భాగిస్తే దారి మొత్తం నిరోధం. ఓములో అయిదో వంతు కూడా లేదు. అదే నాలుగుని ఇరవై ఒకటితో గుణిస్తే ఎనభై నాలుగు వాట్లు. అంటే ఆ మేరకు వేడి మా ఇంటి గోడల పొడవునా పలచగా పరుచుకుని ఉంది. ఆ పొడవుకి, ఆ మందం తీగకి మూడు వోల్టులు పోవాలి. నాలుగు పోతున్నాయి. తేడా ఒకటి. తారీకు వేసి, కాగితం మడిచి గోడ మేకుకి గుచ్చాను.

పది రోజుల తర్వాత మళ్ళీ చూశాను. ఎందుకు చూశానంటే, ఆ వాసన. ఆ రోజు కంచం పట్టుకుని పెరట్లోకి వెళ్ళి తిన్నాను.

లైట్లు మూడూ వెలిగాయి. ఇరవై ఒక్క ఆంపియర్లు. మెయిను దగ్గర రెండు వందల ముప్పై. ఇస్త్రీ గదిలో రెండు వందల ఇరవై రెండు.

ఎనిమిది వోల్టులు. మళ్ళీ చూశాను. ఎనిమిదే. ఇరవై ఒకటితో గుణిస్తే నూట అరవై ఎనిమిది వాట్లు.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి" అన్నాను. మా ఆయన దుప్పటి అంచు పళ్ళతో పట్టుకుని, రెండు చేతులతో మూలలు లాగుతూ, కళ్ళతోనే ఏమిటన్నాడు.

"తీగ పది రోజుల్లో మారిపోదు కదా. పొడవూ అదే, మందమూ అదే. నిరోధం రెట్టింపయింది. అంటే తీగలో కాదు, దారిలో ఎక్కడో ఒక అతుకు వదులవుతోంది. ఆ వేడంతా అక్కడే చేరుతోంది."

అతను దుప్పటి వదిలాడు. "ఎండాకాలం కదా, ఊరంతా వోల్టేజీ తక్కువే ఉంటుంది."

"ఊళ్ళో తక్కువైతే మెయిను దగ్గరా తక్కువ ఉండాలి. మెయిను దగ్గర బాగానే ఉంది. మన గోడలోకి దిగాకే పోతోంది."

"అంత ప్రమాదమైతే ట్రిప్పు అయ్యేది కదా? ఒక్కసారి కూడా స్విచ్చి పడిపోలేదే."

"అది కరెంటు ఎక్కువైతే పడుతుంది. ఇక్కడ కరెంటు పెరగలేదు. దాని లెక్కలో అంతా సవ్యంగానే ఉంది."

మా ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. అతను మూర్ఖుడు కాదు. కానీ ఆ సాయంత్రం అయిదింటికి లాడ్జి బండి వస్తుంది, ఇంకా నూట పది దుప్పట్లు ఉన్నాయి.

"నాన్న రోజూ చేత్తో చూస్తున్నాడు" అన్నాడు. "వేడిగా ఉంటే ఆయనకి తెలియదా?"

ఇస్త్రీ గదిలో బాక్సు మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. హాల్లోదీ చల్లగా ఉంది. దుప్పట్ల గదిలోకి వెళ్ళి దొంతరకీ గోడకీ మధ్య చెయ్యి దూర్చాను. మోచేతి దాకా వెళ్ళి ఆగిపోయింది. అప్పుడే నిద్ర లేచిన అత్తయ్య మంచం మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"అక్కడేం పని నీకు?" అంది.

"బాక్సు చూద్దామని."

"మీ మామయ్య చూస్తున్నారుగా."

గొంతులో కోపం లేదు. కానీ అత్తయ్య ఎప్పుడూ అలా టక్కున మాట్లాడదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆ సాయంత్రం కావాలనే హాల్లో నిలబడ్డాను. మామయ్య మొదటి బాక్సు మీద చెయ్యి పెట్టారు, రెండో దాని మీద పెట్టారు. మూడో దానికి వెళుతూ "ఇదిగో, రా" అన్నారు. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి ఆయన వెనకే లోపలికి వెళ్ళింది. కాసేపటికి లోపలి నుంచి మాట వినబడింది.

"చల్లగానే ఉంది."

మా ఆయన షట్టరు దించాడు. మూడో బాక్సుకి అత్తయ్య ఎందుకు వెళుతోందో, ఎప్పటి నుంచి వెళుతోందో గుర్తు తెచ్చుకుందామని చూశాను. గుర్తు రాలేదు. రోజూ కళ్ళముందు జరిగేది ఎప్పుడు మారిందో ఎవరికి తెలుస్తుంది.

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం, మా ఆయన లాడ్జికి వెళ్ళాడు. మూడో పెట్టె దగ్గర నేను దిండు గలీబులు ఇస్త్రీ చేస్తున్నాను. మామయ్య వచ్చి బల్లకి ఆనుకుని నిలబడి, ఆ రోజుల్లో ఒక సినిమా హాలుకి వైరింగు చేసిన సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఆ కథ నాకు కంఠతా వచ్చు. అయినా ఆయన చెబుతుంటే బాగుంటుంది, ప్రతిసారీ ఎక్కడో ఒకచోట కొత్తగా ఒక మనిషి వచ్చి చేరతాడు.

"మేనేజరు ఏమన్నాడో తెలుసా? మేస్త్రీ, బొమ్మ మొదలయ్యాక కరెంటు పోతే జనం నన్ను కొడతారు, నేను నిన్ను కొడతాను అన్నాడు. నేనన్నానూ, అయ్యా, నా అతుకు ఊడితే మీరు కొట్టక్కర్లేదు, నేనే..."

వాసన వచ్చింది. చేపల వాసన కాదు. ఇది వేరు. వెంట్రుక కాలిన వాసన.

కిందికి చూశాను. ఆయన ఎడమచేతి చిటికెన వేలు, పక్కన నిలబెట్టి ఉంచిన ఇస్త్రీ పెట్టె అడుగు రేకుకి ఆని ఉంది. రేకు వేడికి దాని పక్క గాలి వణుకుతోంది.

"...నేనే ఆ తీగ పట్టుకుని నిలబడతాను అన్నాను. దెబ్బకి నోరు మూశాడు."

ఆయన మాట్లాడుతూనే ఉన్నారు.

"కొంచెం జరగండి మామయ్యా, గలీబులు పెట్టుకోవాలి" అన్నాను. ఆయన జరిగారు. చెయ్యి బల్ల మీంచి తీసి నడుం మీద పెట్టుకున్నారు. కథ చివరిదాకా చెప్పారు. నేను నవ్వాల్సిన చోట నవ్వాను.

ఆయన వెళ్ళాక ఇస్త్రీ పెట్టె స్విచ్చి ఆపి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్య చేటలో పప్పు చెరుగుతోంది.

"మామయ్య చేతికి స్పర్శ లేదు కదూ?"

చేట ఆగింది.

"ఎవరు చెప్పారు?"

"ఆయన వేలే చెప్పింది. వెళ్ళి మందు రాయండి. కాలిందని ఆయనకింకా తెలియదు."

అత్తయ్య లేవబోయి, మళ్ళీ కూర్చుంది. పప్పులో రాళ్ళు ఏరుతున్నట్టు వేళ్ళు కదిలించింది గానీ ఏమీ ఏరలేదు.

"ఏడాది అయింది. షుగరు వల్ల కాళ్ళలో స్పర్శ పోతుందని డాక్టరు చెప్పాడు. చేతులకీ పాకుతుందని మేం అనుకోలేదు. చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను, నువ్వు చూడలేదు" అంది. "ఆ మనిషికి చెయ్యి తప్ప ఇంకేముందే? చదువు లేదు, ఆస్తి లేదు. ఆ చేత్తోనే ఈ ఇల్లు లేచింది. కొడుక్కి తెలిస్తే ఏమంటాడు? నాన్నా నువ్వు కూర్చో అంటాడు. ప్రేమగానే అంటాడు. అదే ఈయన భరించలేనిది."

"మరి రోజూ బాక్సులు చూస్తున్నది ఎవరు?"

"ముందున్న రెండింటి మీదా ఊరికే చెయ్యి పెడతారు. నేను మధ్యాహ్నం ఊడుస్తూ ముందే చూసి పెడతాను. మూడోది దొంతర వెనక కదా, మంచం వైపు సందులోంచి నా చెయ్యే పడుతుంది. నేను చూసి చెబితే ఆయన పైకి అంటారు."

"మీకు చల్లగానే ఉందా?"

"చల్లగానే ఉంది."

"ఎలా చూస్తారు అత్తయ్యా? చూపించండి."

ఆవిడ చెయ్యి చాపింది. చాపే ముందు, కొంగు తీసుకుని, నాలుగు మడతలు వేసి, అరచేతికి చుట్టుకుంది. వేడి గిన్నె దించేటప్పుడు చుట్టుకున్నట్టే.

నేను ఆ కొంగు వంకే చూస్తుంటే ఆవిడకి అర్థం కాలేదు.

"ఏం? కరెంటు వస్తువు ఉత్త చేత్తో ముట్టుకోకూడదు కదా. పెళ్ళయిన వారానికే మీ మామయ్య నాకు నేర్పిన మొదటి విద్య అది. స్విచ్చి వెయ్యాలన్నా గుడ్డ చుట్టుకోమన్నారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పలేదు" అంది. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని "నాకో రెండు రోజులు టైమివ్వు, నేనే ఆయన చేత చెప్పిస్తాను" అంది. ఆ రెండు రోజులు ఆవిడ మధ్యాహ్నం హాల్లో పడుకునేలా ఒట్టు వేయించుకున్నాను. అంతకు మించి ఏమీ చెయ్యలేదు. ఇప్పటికీ ఒక్కోసారి స్నానం చేస్తూ ఆ రెండు రోజుల గురించి ఆలోచిస్తే నీళ్ళు చల్లగా తగులుతాయి.

మొదటి రోజు పన్నెండు వోల్టులు పోయాయి. పన్నెండు ఇరవై ఒకట్లు రెండు వందల యాభై రెండు. మంచి తీగ తినే అరవై చిల్లర తీసేస్తే ఇంచుమించు నూట తొంభై వాట్లు. మా చిన్నప్పుడు వాడిన వంద వాట్ల పసుపు బల్బుని వెలుగుతుండగా ఎవరూ పట్టుకోలేరు. అలాంటివి రెండు, అరచేతి వెడల్పు పెట్టెలో, దుప్పట్ల వెనక, గోడలో వెలుగుతున్నాయి. వెలుతురు మాత్రం లేదు.

రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి లాడ్జి మేనేజరు స్వయంగా వచ్చాడు. చంకలో ఒక దుప్పటి. కౌంటరు మీద పరిచాడు.

"ఇదేంటి సారూ? గదిలో దిగినాయన నా మొహాన కొట్టాడు. కాల్చి మడతపెట్టి పంపితే ఎలా?"

తెల్లటి దుప్పటి అంచున గోధుమరంగు మచ్చ. మా ఆయన మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగి, "పెట్టె దాని మీదే వదిలేసి ఎక్కడికి వెళ్ళావు?" అన్నాడు, పరాయి మనిషి ముందు.

నేను ఆ మచ్చ చూస్తున్నాను. మాకు ఇస్త్రీ మచ్చలు కొత్త కాదు. ఇస్త్రీ పెట్టె కాలిస్తే మచ్చకి ముక్కు ఉంటుంది, పడవ ముక్కులాగా. దీనికి లేదు. ఇది చదరంగా ఉంది, అరచేతి వెడల్పు. ఇటు అంచున ఒకటి, అటు అంచున ఒకటి, రెండు నల్లటి చుక్కలు.

దుప్పటి అలాగే పట్టుకుని హాల్లోకి నడిచి, రెండో బాక్సు మూతకి ఆనించాను. నాలుగు మూలలూ సరిపోయాయి. రెండు చుక్కలూ రెండు మరల మీద కూర్చున్నాయి.

నా వెనకే వచ్చిన మా ఆయన చూశాడు. కుర్చీలో కూర్చున్న మామయ్య చూశారు. వంటింటి గుమ్మంలో అత్తయ్య.

ముందు గదిలో బాయిలరు బుసకొడుతోంది. మా ఆయన దుప్పట్ల గదిలోకి దూసుకుపోయి దొంతర లాగేశాడు. మడతలన్నీ కూలి మంచం మీద పడ్డాయి. గోడ బయటపడింది. మూడో బాక్సు మూత మొదట్లో తెల్లగా ఉండేది, ఇప్పుడు టీ రంగులో ఉంది. దాని చుట్టూ సున్నం నెర్రెలిచ్చింది. మాడుతున్న ప్లాస్టిక్కులోంచి అదే చేపల వాసన మొహానికి కొట్టింది.

"నిన్న సాయంత్రం చూశావు కదా నాన్నా" అన్నాడు మా ఆయన. నిలదీసినట్టు కాదు. చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. చిటికెన వేలికి అత్తయ్య కట్టిన గుడ్డ.

"చూశాను" అన్నారు.

ఆ మాట అన్నాక ఆయన అత్తయ్య వైపు తిరిగారు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్న తీరు నాకు ఇప్పటికీ చెప్పడం రాదు. మాట సాయం కోసం కాదు, మాట దాచడం కోసమూ కాదు.

"ఇదిగో. ఇంకోసారి చూడు" అన్నారు ఆయన.

అత్తయ్య వెళ్ళింది. కొంగు తీసి మడతలు వెయ్యబోయింది.

"కొంగు వద్దు. ఉత్త చెయ్యి పెట్టు."

ఆవిడ ఆగిపోయింది. "ఉత్త చేత్తోనా?" అంది మెల్లగా.

"నేను చెబుతున్నాగా. మూత మీదే. ఏం కాదు."

నేను అడ్డం వెళ్ళబోయాను. మా ఆయన నా భుజం పట్టుకున్నాడు, ఎందుకో అతనికీ తెలిసి ఉండదు. అత్తయ్య కొంగు వదిలేసింది. అరచెయ్యి ఆ మూత మీద ఆనించింది. ఆనించిన మరుక్షణం ఆవిడ భుజం ఎగిరింది. చెయ్యి గుండెల దగ్గరికి లాక్కుని, వెంటనే కొంగులో దాచేసుకుంది. మొహంలో మాత్రం ఏమీ కనబడనివ్వలేదు. మొగుడి వైపు తిరిగి, రోజూ చెప్పే గొంతుతోనే చెప్పింది.

"చల్లగానే ఉందండీ."

మామయ్య ఆ కొంగు కేసి చాలాసేపు చూశారు. తర్వాత మా అందరినీ దాటుకుని, గోడ పట్టుకుంటూ పెరటి తలుపు దగ్గరికి నడిచారు. మెయిన్ స్విచ్చి కట్టేసిన చప్పుడు వినబడింది. ఫ్యాన్లు మెల్లగా తిరిగి తిరిగి ఆగాయి. బాయిలరు బుస ఆగింది. అప్పటిదాకా మా ఇంట్లో ఇంత చప్పుడు ఉండేదని నాకు తెలియదు.

కౌంటరు దగ్గర్నుంచి లాడ్జి మేనేజరు, "కరెంటు పోయిందా?" అని కేకేశాడు.

"పోలేదు. తీశాం" అన్నారు మామయ్య.

మా ఆయన మూత విప్పాడు. మరలు తిరగలేదు, మూతే పెళ్ళలుగా ఊడొచ్చింది. లోపల రెండు తీగల్ని మెలిపెట్టి కట్టిన ముడి, దాని మీద చుట్టిన నల్ల టేపు బొగ్గయి రాలింది. రాగి పచ్చగా, నల్లగా, చెదలు తిన్న కర్రలా గుల్లబారింది. పక్కనున్న గోడలో వేలు పట్టేంత కాలిన గుంట. మామయ్య ఆ ముడిని కత్తిరించి తన చేతిలో పెట్టమన్నారు. అరచేతిలో అటూ ఇటూ దొర్లించి చూశారు. దాని వేడి గానీ, గరుకు గానీ, బరువు గానీ ఆయనకి తెలియదని అప్పటికి మా అందరికీ తెలుసు.

"నేను వేసిన ముడే. రెండు ఇస్త్రీ పెట్టెలకి వేశాను" అన్నారు.

ఆ సాయంత్రం లాడ్జి బండి సగం దుప్పట్లతో వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రాలేదు. ఎనిమిది రోజులు గోడలు కొట్టి కొత్త తీగ లాగారు. మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా మెయిను నుంచి ఇస్త్రీ గదికి ఒకటే తీగ. చేసింది వేరే మేస్త్రీ. మామయ్య కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నారు. మొదటి రోజు తప్పులు పట్టారు, రెండో రోజు తగ్గించారు, మూడో రోజు నుంచి మాట్లాడలేదు. మొదటి వాన పడిన రోజు గోడలకి సున్నం వేశాం.

కొత్త తీగకి తొలిసారి లోడు ఎక్కించినప్పుడు మీటరు నా చేతికి ఇచ్చింది ఆయనే. "ఎంత?" అన్నారు.

"మూడు వోల్టులు మామయ్యా."

"గుణించావా?"

"అరవై మూడు వాట్లు. పొడవునా కలిపి."

తల ఊపారు. అప్పటి నుంచి సాయంత్రాలు చెయ్యి పెట్టి చూడటం లేదు. షట్టరు దించే ముందు నేను మీటరు చూసి అంకె చెబుతాను, ఆయన కుర్చీలోంచి వింటారు. మా ఆయన ఒక్కోసారి ఆ అంకె విన్నాక కూడా కాసేపు నిలబడి, ఇంకేదో మాట కోసం ఎదురుచూసినట్టు చూసి, అప్పుడు షట్టరు మీద చెయ్యి వేస్తాడు.

అత్తయ్య అరచేతిలో ఇప్పటికీ రెండు చుక్కల మచ్చ ఉంది, ఇటొకటి, అటొకటి. ఎవరైనా అడిగితే ఇస్త్రీ పెట్టె తగిలిందంటుంది. మామయ్య ముందు కూడా అలాగే అంటుంది. మాది లాండ్రీ. ఇస్త్రీ పెట్టె మచ్చ ఎలా ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ మాటకి మాలో ఎవరూ అడ్డు చెప్పరు.